రాతిదారికి తగిన సైకిలు చక్రము

జమ్మలమడుగునుండి పడమరగా సుమారు 15 కిలోమీటర్లు పోయిన గండికోట చేరుదుము. ఎర్రమల కొండలను పెన్నానది నిట్టనిలువుగా కోసికొనిపోయిన లోయ అంచున ఈ కోట నిలిచియున్నది. కోటవరకు తారురోడ్డు కలదు. కాని ద్వారము దాటి, ధాన్యాగారము, జామియా మసీదు, మాధవరాయస్వామి ఆలయము, రంగనాథస్వామి ఆలయము చూచుకొనుచు లోయవైపు పోవువారి కాలిక్రింద మన్ను తక్కువ, రాయి ఎక్కువ. పలకలుగా పగిలిన ఎర్రరాళ్లు, వాటి సందులలో గరుకైన ఇసుక, ఆ ఇసుకలో పల్లేరుకాయలు, అటు నిటు సర్కారుతుమ్మ ముండ్లు. సైకిలు చక్రమునకు ఇంతకు మించిన పరీక్ష వేరొకటి ఉండదు.

ఒకనాటి ఉదయము ఆ ప్రాంతపు శబ్దములను ధ్వనిముద్రణ చేసికొని మేము తిరిగి వచ్చుచుండగా, దారి మలుపులో ఒక యువకుడు సైకిలు ముందుభాగమును చేతితో పైకెత్తిపట్టి, వెనుకచక్రముమీదనే దొర్లించుచు నడచుచుండెను. ముందుచక్రము నూనెలో వేగిన అప్పడమువలె మెలితిరిగియున్నది. క్యారియరుకు ఇరువైపుల కట్టిన పాలక్యానులు ఖాళీగా ఉన్నవి. ఆనాటి పాలు రాళ్లపాలైనవి. మోచేయి గీచుకొనిపోయి రక్తము ఆరియున్నది. "అంగట్లో అన్నిటికంటే బరువైన రిమ్మే ఎత్తుకొచ్చినా సార్. రెండు నెల్లు కూడా కాలేదు" అని అతడు మాతో చెప్పెను.

అతని మాటలో ఒక నమ్మకము దాగియున్నది. బరువైనది గట్టిది, గట్టిది చిరకాలము నిలుచును అని. మనలో చాలమంది నమ్మకమును అదియే. ఒక్క సైకిలుపై ఒక యింటి సంపాదన, ఒక పిల్లవాని చదువు నడచుచున్నచోట ఈ నమ్మకము నిజమో కాదో తేల్చుకొనుట అవసరము. రాతిదారిలో పోవు సైకిలుకు ఎట్టి రిమ్మును ఎన్నుకొనవలెనను ప్రశ్నను నేడు శ్రోతలతో కలిసి విచారింతము.

ముందుగా మనకందరకు పరిచితమైన ఎద్దులబండి చక్రమును తలచుకొందము. నడుమ కుండ, కుండనుండి బయలుదేరిన ఆకులు, ఆకుల చివరల పూటీలు, పూటీలను చుట్టి ఇనుపపట్టా. పట్టాను చక్రపు చుట్టుకొలతకన్న కొంచెము తక్కువగా చేసి, నిప్పులలో ఎర్రగా కాల్చి, వేడికి సాగియుండగనే చక్రమునకు తొడిగి నీళ్లు పోయుదురు. చల్లారిన పట్టా ముడుచుకొని పూటీలను, ఆకులను కుండవైపు నొక్కిపట్టును. బండిలో బరువు వేసినపుడు ఇరుసునకు సరిగా క్రిందనున్న ఆకు ఇంటి స్తంభమువలె నిలిచి ఆ బరువును మోయును. కనుక అచ్చట ఆకు ఎంత లావైన అంత బలము. బరువునకు, బలమునకు గల ఈ చుట్టరికమును మనము బండిచక్రమునుండియే నేర్చుకొంటిమి.

సైకిలు చక్రము చూచుటకు బండిచక్రపు తమ్మునివలె ఉన్నను దాని స్వభావము పూర్తిగా వేరు. దాని స్పోకు, అనగా మన వాడుకలోని పుల్ల, రెండు మిల్లీమీటర్ల మందముగల ఉక్కుతీగ. దానిని నేలపై నిలువుగా నిలిపి పైనుండి బొటనవ్రేలితో నొక్కిన చాలు, వంగిపోవును. అట్టి పుల్ల స్తంభమువలె మనిషిని మోయజాలదు. కాని అదే పుల్లను రెండు చివరల పట్టి లాగిన రెండువందల కిలోలకు మించిన లాగుడునకైనను తెగదు. నొక్కుటకు బలహీనమైనది లాగుటకు బలమైనదగుటను కనిపెట్టి, పుల్లలనన్నిటిని ముందే బిగించి లాగియుంచుటయే ఈ చక్రములోని యుక్తి. ఇంగ్లండు దేశస్థుడైన జార్జి కేలీ 1808లోనే ఈ ఊహను తన పుస్తకములో వ్రాసికొనెను. జేమ్సు స్టార్లీ 1874లో పుల్లలను ఒకదానికొకటి అడ్డముగా ఏటవాలున అల్లు పద్ధతికి పేటెంటు పొందెను. 1888లో డన్లపు సైకిలు గాలి టైరునకు పేటెంటు పొందెను. నేటి సైకిలు చక్రము ఈ మూడింటి కలయికయే.

బిగించిన పుల్లలన్నియు రిమ్మును నడుమనున్న హబ్బువైపు లాగుచుండును. రిమ్ము గుండ్రముగా ఉండుటచే ఆ లాగుడునకు లొంగక ఎదిరించుచుండును. మనిషి ఎక్కి కూర్చున్నపుడు జరుగునదేమి? హబ్బు క్రిందనున్న కొన్ని పుల్లలలో ముందుగానున్న బిగువు కొంత తగ్గును. అంతియే. మిగిలిన పుల్లల బిగువు దాదాపు యథాతథముగా ఉండును. పుల్లలలో తగినంత బిగువు ఉన్నంతకాలము చక్రము బరువును లెక్కచేయదు. బిగువు తక్కువైన పుల్ల మాత్రము చక్రము తిరిగినప్పుడెల్ల ఒకసారి పూర్తిగా వదులై, మరల బిగియుచుండును. ఇట్లు వేలసార్లు జరిగినపిమ్మట హబ్బువద్ద వంపు తిరిగినచోట పుల్ల అలసి తెగును. ఒక పుల్ల తెగినంతనే దాని ప్రక్కనున్నవానిపై భారము పెరుగును, రిమ్ము ఒకవైపు ఒరగును. అటుపిమ్మట ఒక్క రాయి చాలును.

మృదంగము వాయించువారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. చర్మము ఎంత మంచిదైనను, చుట్టునున్న వారులు సమముగా బిగించనిచో నాదము పలుకదు. రిమ్ము సంగతియు అట్టిదే. రిమ్మును కొనుట సగము పని. పుల్లలను సమముగా బిగించుట తక్కిన సగము.

ఇంతకు రాతిదారిలో రిమ్ము చెడుటకు మార్గములెన్ని? మూడు కలవు.

మొదటిది దెబ్బ. పల్లేరుముల్లు గుచ్చుకొని ట్యూబులోని గాలి మెల్లమెల్లగా దిగిపోవుచుండును. తొక్కువాడు గమనింపడు. టైరు మెత్తబడినపుడు రాయి అంచు టైరును అణచి రిమ్మువరకు వచ్చి తగులును. రిమ్ము అంచు లోనికి నొక్కుకొనిపోవును, ట్యూబునకు పాముకాటువలె రెండు గాట్లు పడును. కనుక రిమ్మునకు మొదటి రక్షకుడు గాలియే. వెడల్పైన టైరు, అందులో తగినంత గాలి ఉన్నయెడల సాధారణమైన రిమ్ముకూడ రాతిదెబ్బలకు ఓర్చును.

రెండవది వంపు. సైకిలు చక్రము నిలువుబరువునకు మిక్కిలి బలమైనది, ప్రక్కనుండి వచ్చు తోపునకు మిక్కిలి బలహీనమైనది. ఏటవాలు పలకపై చక్రము జారి రాతిసందున ఇరుకుకొనినపుడు, క్యారియరుపై భారము ఒకవైపు ఊగినపుడు, రిమ్ముపై ప్రక్కతోపు పడును. పుల్లల బిగువు సమముగా లేనిచో అప్పుడే అది అప్పడమగును.

మూడవది అరుగుదల. ఇది గండికోటవంటి చోట్ల ప్రత్యేకముగా గుర్తింపదగినది. ఈ కొండల రాయి క్వార్ట్‌జైటు అనబడునది. పూర్వపు ఇసుక భూగర్భములో అతుకుకొని గట్టిపడగా ఏర్పడిన శిల ఇది. కడప శిలలను పరిశోధించిన భూగర్భశాస్త్రజ్ఞులు ఇచ్చటి శిలాశ్రేణికి గండికోట క్వార్ట్‌జైటు అనియే పేరుపెట్టినారు. ఖనిజముల కాఠిన్యమును ఒకటినుండి పదివరకు కొలుచు మోసు కొలతలో ఈ రాతిలోని క్వార్ట్‌జు స్థానము 7. అల్యూమినియము 3కు లోపలనే ఉన్నది. ఈ రాతిపొడి బ్రేకురబ్బరులో దిగబడినచో ఆ రబ్బరు ఆకురాయిగా మారును. బ్రేకు పట్టినప్పుడెల్ల రిమ్ముప్రక్క కొంచెము కొంచెము గీచుకొనిపోవును. ప్రక్కగోడ పలుచనైన రిమ్ము ఒకనాడు టైరులోని గాలి ఒత్తిడికే చీలిపోవచ్చును. దిగుడుదారిలో ముందుచక్రమునకు ఇట్లు జరుగుట ప్రాణాపాయము.

రాయి, బురద, ఇసుకలలో సైకిలు తొక్కుటనే క్రీడగా చేసికొన్నవారు ఐరోపాలో ఉన్నారు. దానిని సైక్లోక్రాస్ అందురు. ఫ్రాన్సులో డానియల్ గూసో అను సైనికుని పూనికచే 1902లో ఈ క్రీడకు మొదటి జాతీయపోటీ జరిగెను. 1910లో ఫ్రాన్సుదేశమును చుట్టివచ్చు ప్రసిద్ధమైన సైకిలు పందెమును గెలిచిన ఆక్టేవ్ లాపీజ్, తన విజయమునకు శీతకాలమున చేసిన ఈ సాధన తోడ్పడెనని చెప్పుటతో దీని పేరు నలుదెసల వ్యాపించెను. 1950లో పారిసునందు తొలి ప్రపంచపోటీ జరుగగా ఝాఁ రోబిక్ గెలిచెను. ఈ పోటీలలో మెట్లు, అడ్డుపలకలు వచ్చినచోట సైకిలును భుజమున వేసికొని పరుగెత్తుదురు. పెద్దపోటీలలో టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లకు మించరాదను నియమము కలదు.

ఇట్టి పోటీలవలన మనము గ్రహింపదగినవి రెండు. ఒకటి, బరువైన రిమ్ములను ఆ పోటీదారులు ఏనాడో విడిచినారు. లోపల బోలుగానుండి, ఆకారముచే బలము పొందిన తేలికరిమ్ములనే వారు వాడుదురు. రెండు, బురద, ఇసుక రిమ్మును అరగదీయుటను మాన్పుటకై వారు బ్రేకును రిమ్మునుండి తప్పించి హబ్బువద్దనున్న పళ్లెమునకు మార్చినారు. ఈ డిస్కుబ్రేకులను సైక్లోక్రాస్ పోటీలలో 2010లో అంతర్జాతీయ సైకిలు సంఘము అనుమతించెను.

అయితే వారిని పూర్తిగా అనుకరించుట మనకు తగదు. పోటీదారుని చక్రము చెడినయెడల బాటప్రక్కన అతని మనుష్యులు వేరొక సైకిలుతో సిద్ధముగా ఉందురు. గండికోట దారిలో పాలవానికి అట్టివారెవరును లేరు. కావున మనవరకు చిరకాలము నిలుచు రిమ్మనగా ఎన్నడును వంగనిది కాదు. వంగినను జమ్మలమడుగులోనో, ముద్దనూరులోనో సామాన్యమైన సైకిలు షాపులో సరిచేయించుకొనదగినది, పనికిరాకపోయిన అదే కొలతలో మరల దొరకునది. ఈ నిర్వచనమును మనసున నుంచుకొని బజారుకు పోదము.

మొదట లోహము. ఉక్కురిమ్ము బరువైనది, చౌకయైనది. దెబ్బతగిలిన పగులక వంగును. నేర్పరియైన పనివాడు దానిని మరల వంపుతీసి నిలుపగలడు. దాని లోపములు తుప్పు, వాననీటిలో బ్రేకు జారుట. అల్యూమినియపు మిశ్రలోహము బరువులో ఉక్కుకు ఇంచుమించు మూడవవంతు. కావున అంతే బరువుతో రిమ్మును మరింత లావుగా, బోలుగా చేయవచ్చును. అది తుప్పుపట్టదు, తడిసినను బ్రేకు బాగుగా పట్టును. కాని ఇసుకకు త్వరగా అరుగును, ఎక్కువగా వంగినదానిని సరిచేసిన పగులును. కార్బను రిమ్ములు మిక్కిలి తేలిక, మిక్కిలి వెల. పదునైన రాతిదెబ్బకు వంగి హెచ్చరించుట వాని గుణము కాదు, పగులుటయే గుణము. రాతిదారి బ్రతుకుసైకిలుకు అవి తగవు.

రెండవది అడ్డుకోత. రిమ్మును అడ్డముగా కోసి చూచిన ఒంటిరేకు కనబడునా, పెట్టెవలె బోలుగా ఉండునా అనునది ముఖ్యము. అంతే బరువుగల నిండుకడ్డీకంటె బోలువెదురు ఎంత తొందరగా వంగదో ఎరిగినవారికి ఇందలి మర్మము సులభముగా తెలియును. అల్యూమినియపు రిమ్ము కొనునపుడు పుల్లరంధ్రములోనికి చూడవలెను. లోపల రెండవగోడ కనబడిన మేలు. ఒంటిరేకు అల్యూమినియపు రిమ్మును భారము మోయు సైకిలుకు కొనరాదు.

మూడవది రంధ్రముల సంఖ్య. మన పాతరకపు పెద్దసైకిళ్లలో ముందుచక్రమునకు 32, వెనుకచక్రమునకు 40 పుల్లలుండుట ఆచారము. వెనుకచక్రముపైననే ఎక్కువ భారము పడును గనుక ఈ విభజన తెలివైనది. అల్యూమినియపు రిమ్ములలో భారమునకు 36 మంచివి. చూపునకు సొగసుగా ఇరువదియో, ఇరువదినాలుగో పుల్లలతో వచ్చు చక్రములలో ఒక పుల్ల తెగినంతనే చక్రము కదలనియ్యదు. పుల్లలు ఎక్కువగానున్న చక్రముతో మెల్లగానైనను ఇల్లు చేరవచ్చును. రిమ్ము రంధ్రముల సంఖ్య హబ్బు రంధ్రముల సంఖ్యతో సరిపోవలెనను మాట మరువరాదు. 36 రంధ్రముల రిమ్ము ఎంత మంచిదైనను 32 రంధ్రముల హబ్బునకు అమరదు.

నాల్గవది కొలత. అంగడిలో 28 అంగుళములని చెప్పు రిమ్ములన్నియు ఒకటి కావు. పాతరకపు 28×1½ టైరు కూర్చుండుచోట వ్యాసము 635 మిల్లీమీటర్లు. 700సి అను క్రొత్తరకమునకు 622 మిల్లీమీటర్లు. పదమూడు మిల్లీమీటర్ల భేదము. ఒకదాని టైరు మరియొకదానికి పట్టదు. టైరుప్రక్కన 40-635 అనియో, 37-622 అనియో అచ్చువేసియుండు అంకెలలో మొదటిది టైరు వెడల్పు, రెండవది ఈ వ్యాసము. పాత టైరుమీది అంకెలను కాగితముమీద వ్రాసికొని పోయినవాడు మోసపోడు.

ఐదవది బ్రేకు. కడ్డీబ్రేకుల సైకిలులో రబ్బరు రిమ్ముయొక్క లోపలివైపున, హబ్బును చూచు ముఖమునకు తగులును. తీగబ్రేకుల సైకిలులో రెండుప్రక్కల తగులును. ఒకదానికై చేసిన రిమ్మును మరియొకదానికి వేసిన బ్రేకు సరిగా పట్టదు. డిస్కుబ్రేకున్న సైకిలు కొనగలవారికి రిమ్ము అరుగుదల బెడద తప్పును. కాని ఆ బ్రేకు శక్తి పుల్లల ద్వారా రిమ్మునకు చేరును గావున, అచ్చట పుల్లల బిగువు మరింత ముఖ్యము.

ఇక అంగడిలోనే చేయదగిన పరీక్షలు. రిమ్మును చదునైన గాజుబల్లపై పరుండబెట్టవలెను. ఎచ్చటను ఎగయక తాకియున్న అది చదునైనది. రిమ్ము రెండుకొనలు కలిసిన అతుకుపై గోరు నడిపింపవలెను. మెట్టు తగిలిన బ్రేకు పట్టినప్పుడెల్ల అచ్చట కొట్టుకొనును. రంధ్రముల అంచులు నునుపుగా ఉన్నవో, చీలికలున్నవో వెలుతురులో చూడవలెను. వాడిన రిమ్మైనచో ప్రక్కగోడకు ఉక్కుస్కేలు ఆనించవలెను. నడుమ గుంటపడి వెలుతురు కనిపించిన అది అరిగినది. వెల ఎంత తగ్గించినను కొనరాదు.

రిమ్ము కొన్నపిమ్మట అసలు పని ప్రారంభమగును. పుల్లలల్లిన చక్రమును ఫోర్కులో త్రిప్పి, వంకర తీయించుటతో చాలమంది తృప్తిపడుదురు. వంకరలేకుండుట వేరు, బిగువు సమముగా ఉండుట వేరు. ఒక పుల్లను అతిగా బిగించి, దాని ప్రక్కదానిని వదలియు చక్రమును నిటారుగా కనబడునట్లు చేయవచ్చును. అట్టి చక్రము అంగడిలో అందముగా తిరిగి, రాళ్లలో మోసముచేయును. దీనిని కనుగొనుటకు కన్నుకంటె చెవి మేలు. ఒక్కొక్క పుల్లను వ్రేలితో మీటవలెను. ముందుచక్రములో అన్నియు ఇంచుమించు ఒకే స్వరము పలుకవలెను. వెనుకచక్రమున గొలుసువైపు పుల్లల స్వరము కొంచెము హెచ్చుగా ఉండవచ్చును. కాని ఒకవైపునున్నవన్నియు తమలో తాము కలియవలెను. మొద్దుగా పలికిన పుల్ల వదులైనది, కీచుమనినది అతిగా బిగిసినది. బిగువు పెంచినకొలది బలమనుకొనుటయు పొరపాటే. హద్దుమీరిన బిగువుచే పుల్లరంధ్రములవద్ద రిమ్ము పగులును.

చక్రము అల్లినంతనే పుల్లలను జతజతగా చేతితో గట్టిగా నొక్కించి, మరల బిగువు చూపింపవలెను. నొక్కుటవలన పుల్లలు, నిప్పిళ్లు తమతమ చోట్ల సర్దుకొనును. పది పదునైదు దినములు తొక్కినపిమ్మట మరియొకసారి షాపుకు పోయి బిగువు సరిచూపించుకొనవలెను. క్రొత్త చక్రములో మొదటి దినములలోనే వదులు పుట్టును. ఈ రెండవ దర్శనమును మానుటవలననే అనేకమైన మంచిరిమ్ములు చెడుచున్నవి.

ఆనాడు మేమా యువకుని మా వాహనములో జమ్మలమడుగునకు తోడ్కొనిపోతిమి. వృద్ధుడైన ఒక పనివాడు మెలితిరిగిన చక్రమును ఒడిలో పెట్టుకొని పుల్లలు మీటిచూచెను. ఒకవైపు నాలుగైదు పుల్లలు పలుకనే లేదు. రెండు హబ్బువద్ద తెగియున్నవి. "రిమ్ముది తప్పు గాదు నాయనా, దీన్ని కట్టినాక మళ్లీ ఎవురూ ముట్టలేదు" అని అతడనెను. రెండు నెలలలో ఒక్కసారియైనను పుల్లలు బిగింపించితివా అని మేమడుగగా యువకుడు తల అడ్డముగా ఊపెను. ఆ సంగతి అతనికెవ్వరును చెప్పియుండలేదు. అంగడిలో అన్నిటికంటె బరువైన రిమ్ము, పావుగంట పని లేకపోవుటచే పనికిరానిదయ్యెను.

అతడు మరల ఉక్కురిమ్మునే కొనెను. అతని హబ్బునకు, అతని కడ్డీబ్రేకునకు, అతని చేతిలోని డబ్బునకు తగినది అదియే. భారము మోయువారికి మా సలహాయు అదియే: కడ్డీబ్రేకు సైకిలున్నవారు 32, 40 పుల్లల మంచి ఉక్కురిమ్ము, తీగబ్రేకు గలవారు 36 పుల్లల, రెండుగోడల అల్యూమినియపు రిమ్ము, రెండింటను వెడల్పైన టైరు. బడికి పోవు పిల్లల సైకిళ్లకును ఇదియే వర్తించును. వారానికొకసారి టైరు గాలి చూచుట, పల్లేరుముండ్లు ఏరుట, బ్రేకురబ్బరులో దిగిన ఇసుకను తుడుచుట ఇంటివారు చేయదగిన పనులు.

శ్రోతలలో సైకిలున్న ప్రతి యింటివారును నేటి సాయంకాలము ఒక పని చేయవలెనని కోరుచున్నాము. కొంతసేపు రేడియో ఆపి, సైకిలు ప్రక్కన కూర్చుండి, ముందుచక్రపు పుల్లలను ఒక్కొక్కటిగా మీటి వినుడు. ఏ పుల్లయైనను మూగవోయినచో రేపు ఉదయమే దానిని పనివానికి చూపుడు.